వేడి మీదున్న మెషీను

నాంగ్ తాలింగ్ మా మీద ఫిర్యాదు ఇచ్చిందని బరంగాయ్ హాలు నుంచి కబురొచ్చేసరికి నేను ఒక సైడ్‌కార్ చట్రం కింద వెల్లకిలా పడుకుని అతుకు వేస్తున్నాను. ముఖానికి పట్టుకున్న అద్దం దించకుండానే "రాను, పనుంది పో" అన్నాను. కబురు తెచ్చినవాడు కదల్లేదు. "కాప్ స్వయంగా రమ్మన్నాడు నాంగ్ సెందా" అన్నాడు. మాలో నాంగ్ అంటే అక్క. కాప్ అంటే కెప్టెన్, మా బరంగాయ్‌కి, అంటే మా పేటకి, పెద్ద. పేరు గుంబాన్. నెమ్మదస్తుడు, ఊరికే ఎవరినీ పిలవడు. లేచి బట్టలు దులుపుకుని బయల్దేరాను.

ఆమె కోపం ఎందుకో నాకు తెలియనిది కాదు. మా ఇంటి ముందు రేకుల పంచే మా దుకాణం. మోటారుసైకిళ్ళ పక్కన తగిలించే సైడ్‌కార్లు చేస్తాం, గేట్లు, కిటికీ ఊచలు చేస్తాం. మా వెల్డింగ్ మెషీను మా నాన్న తన చేత్తో చుట్టింది. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్లోంచి రాగి తీగ ఊడదీసి, పాత ఇనప రేకులు పేర్చి, దాని మీద చుట్టలు చుట్టలుగా చుట్టి చెక్కపెట్టెలో కూర్చోబెట్టాడు. దానికి దున్న అని పేరు పెట్టాడు. రాడ్డు ఇనుముకి తగలగానే దున్న గుర్రుమనేది, మా సందులో దీపాలన్నీ ఎర్రబడిపోయేవి, టీవీల్లో బొమ్మ కుంచించుకుపోయేది. నాంగ్ తాలింగ్ మా ఎదురింట్లో ఐసు అమ్ముకుని బతుకుతుంది. కరెంటు అలా కుంగి లేచి, కుంగి లేచి, ఆ వేసవిలో ఆమె ఫ్రీజరు మోటారు కాలిపోయింది.

మా దగ్గర ఇరుగుపొరుగు తగువు పోలీసుల దాకా పోదు. ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, కాఫీ పోసి, ఏదో ఒకటి తేలేదాకా లేవనివ్వరు. ఆ కాఫీ అంత చేదుగా ఎందుకుంటుందో అప్పుడు అర్థమైంది.

"నీ నిప్పురవ్వలు నీకు ముద్దుగానే ఉంటాయి సెందా. కరిగిన ఐసు ఎవడు కొంటాడే?" అంది నాంగ్ తాలింగ్. "ఎన్నిసార్లు చెప్పాను. అలాగే నాంగ్, అలాగే నాంగ్ అంటావు, వెనక్కి తిరిగేలోగా మళ్ళీ గుర్రుమంటావు."

"గుర్రుమనేది నేను కాదు, మెషీను."

"రెండిటికీ తేడా ఏముంది?"

కాప్ నవ్వు ఆపుకోవడానికి కప్పు ఎత్తుకున్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, దుకాణం హైవే పక్కకి మార్చుకోకూడదా అని మెల్లగా అడిగాడు. అక్కడ వేరే లైను ఉంది, ఎవరికీ ఇబ్బంది ఉండదు.

హైవే దగ్గరకి నేను పోగలను. మా నాన్న పోలేడు. ఆయనకి తుంటి విరిగాక గుమ్మం నుంచి పంచ దాకా నడవడమే పెద్ద ప్రయాణం. పొద్దున్నే వచ్చి చెక్క కుర్చీలో కూర్చుంటాడు, చీకటి పడేదాకా నా పనికి వంకలు పెడతాడు. చేతులు వణకడం మొదలయ్యాక ఆయన రాడ్డు ముట్టుకోలేదు గానీ, నేను వేసే ప్రతి అతుకూ ఆయన కళ్ళ ముందు నుంచే పోతుంది. ఇంటి ముందు నుంచి దుకాణం లేచిపోతే ఆయనకి మిగిలేది మంచం ఒక్కటే. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. ఇద్దరం పైకి అనం.

"దుకాణం కదలదు. మెషీనే మారుతుంది" అన్నాను. "ఇన్వర్టర్ మెషీన్లు వచ్చాయి. అవి కరెంటు తక్కువ లాగుతాయి, దీపం చెక్కుచెదరదు."

"అమ్మేవాళ్ళు అలాగే చెబుతారు" అంది నాంగ్ తాలింగ్.

"అయితే నీ ఇంటి దీపం కింద కూర్చుని చూడు."

ఆమె అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. పరీక్ష సాయంత్రం పూటే జరగాలంది. అందరూ అన్నం పొయ్యిమీద పెట్టి టీవీలు వేసే వేళకి మా లైను మామూలుగానే నీరసంగా ఉంటుంది. ఒక్క చుక్క అతికించి చేతులు దులుపుకుంటే ఒప్పుకోనంది. సైడ్‌కార్ చట్రం మొత్తం మొదటినుంచి చివరిదాకా తన కళ్ళ ముందు అతకాలంది. ఈలోగా ఒక్కసారి దీపం కుంగినా దుకాణం మూసెయ్యాలంది. అన్నిటికీ తలూపాను. కాప్ కాగితం మీద రాసి ఇద్దరి చేతా సంతకం పెట్టించాడు.

ఇంటికొచ్చి చెబితే మా నాన్న మొహం తిప్పుకున్నాడు.

"నా దున్న ఏం పాపం చేసిందని?"

"సందులో అందరి మేతా అదొక్కటే తినేస్తోంది తాయ్" అన్నాను. నాన్నని నేను తాయ్ అనే పిలుస్తాను.

"నిన్ను పెంచింది అదే. నీ స్కూలు చెప్పులు అదే కొంది."

"కొంది. ఇప్పుడు నాంగ్ తాలింగ్ ఫ్రీజరు కాల్చింది. అదీ దాని పనే."

ఆయన దున్న మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. నేను మాత్రం ఆగలేదు. పెంచుతున్న పందులు రెండిటినీ అమ్మేసి, మర్నాడే జీప్నీ ఎక్కి ఇలోయిలో అనే పట్నం వెళ్ళాను. దుకాణంవాడు చూపించిన మెషీను చేతిలో సంచీలా ఉంది, భుజానికి తగిలించుకునే పట్టీ కూడా ఉంది. ఇంతదానికి అంత బలం ఎక్కడిదని నాకే అనుమానం వచ్చింది. దాని మీద రాడ్డు కాల్చి చూపించమన్నాను. మండుతున్నంతసేపూ దుకాణంలో దీపాల వైపే చూశాను. ఒక్కటీ కుంగలేదు. వెంటనే తీసుకున్నాను.

వచ్చేటప్పుడు దుకాణంవాడు రెండు మాటలు చెప్పాడు. గ్రైండరు పొడి దాని మీద పడనివ్వొద్దు, లోపలి బోర్డులు పోతాయన్నాడు. దాని వెనక జల్లెడలా ఉన్న కన్నాలు మూసుకుపోకూడదు, లోపలి ఫ్యాను గాలి పీల్చేది అక్కడినుంచేనన్నాడు. పొడి సంగతి ఇంట్లో చెప్పాను. కన్నాల సంగతి చెప్పలేదు. ఆ మెషీను దగ్గరికి నేను తప్ప పోయేవాళ్ళెవరున్నారులే అనుకున్నాను.

"ఇదేమిటే ఇందాయ్, అన్నం డబ్బానా?" అన్నాడు మా నాన్న, పెట్టెలోంచి తీయగానే. కూతుర్ని ముద్దుగా ఇందాయ్ అంటారు మాలో.

"డబ్బా అయితే నీకే తినిపిస్తా, ఉండు" అని పళ్ళు నూరాను.

తీరా మొదటి రోజు ఆ డబ్బా నాకే తినిపించింది. సైడ్‌కార్ గొట్టాలు పల్చనివి. దున్న మీద ఎప్పుడూ పెట్టుకునే కరెంటు అంకె కొత్తదాని మీదా పెట్టి, ఎప్పటిలాగే రాడ్డు నొక్కి పట్టాను. గొట్టానికి నా బొటనవేలు దూరేంత కన్నం పడింది. ఇంకోటి పెట్టాను, ఇంకో కన్నం. కన్నాన్ని పూడ్చబోతే పక్కన మరోటి తెరుచుకుంది. ఇన్నేళ్ళ పనిమంతురాలిని, రాడ్డు పట్టడం అప్పుడే నేర్చుకుంటున్నదానిలా అయిపోయాను. వెనకనుంచి మా నాన్న నవ్వు వినబడుతూనే ఉంది. ఆయన మామూలుగా పొట్టతో నవ్వుతాడు, కుర్చీ కూడా కిర్రుమంటుంది.

"జల్లెడ చేస్తున్నావా? బియ్యానికా, ఇసుకకా?"

ఒళ్ళు మండింది గానీ పని ఆపలేదు. పనికిరాని గొట్టాలు ఏరుకుని, వాటిని కాల్చడమే పనిగా పెట్టుకున్నాను. ఇరుగుపొరుగు చూసి, సెందకి మతి పోయిందన్నారు. పోతే పోయిందన్నాను. అంకె తగ్గించి చూశాను, రాడ్డు దూరం పట్టి చూశాను, వేగం మార్చి చూశాను. మామూలుగా గిరాకీ పనికి పట్టే శ్రద్ధంతా ఆ చెత్త ఇనుము మీదే పెట్టాను.

ఒకరోజు నవ్వు వినబడలేదు. అద్దం దించి చూస్తే మా నాన్న కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. నిద్రపోయాడనుకున్నాను.

"నొక్కకు" అన్నాడు కళ్ళు తెరవకుండానే. "దున్న ఎప్పుడూ చాలీచాలని కరెంటు మీద పనిచేసింది. అంకె ఎంత పెట్టినా అంత ఇచ్చేది కాదు. అందుకే నేను నొక్కి పట్టడం నేర్చుకున్నా, నీకూ అదే నేర్పా. ఇది చెప్పినంతా ఇచ్చేస్తోంది. చప్పుడు వినడం లేదూ?"

విన్నాను. అంతవరకూ నేను కళ్ళతోనే చూస్తున్నాను. ఈ మెషీను గుర్రుమనదు, దాని అసలు చప్పుడు రాడ్డు కొసన ఉంది. రాడ్డు తేలిగ్గా పట్టుకుని, ఆ చప్పుడు చెదరకుండా లాక్కుపోయాను. అతుకు మీద పేరుకునే చిట్టెం దానంతటదే పెచ్చులా లేచింది. కింద అతుకు చూసి నేనే నమ్మలేదు.

"ఊఁ" అన్నాడు మా నాన్న. ఆయన నోట ఆ మాట రావడం గొప్పే.

నేను ఆనందంతో నీళ్ళ బకెట్లో చేతులు ముంచబోతే గట్టిగా కేకేశాడు. పాత తువ్వాలు విసిరాడు నా మీదకి. "వేడి మీదున్న చేతులు. పాస్మా తెచ్చుకుంటావా?" ఒళ్ళు కాగి ఉన్నప్పుడు చల్లనీళ్ళు గానీ చల్లగాలి గానీ తగిలితే నరాలు పాడైపోతాయని మాలో అందరికీ నమ్మకం. దాన్నే పాస్మా అంటాం. తన చేతులు వణకడానికి కారణం అదేనని ఆయన గట్టిగా నమ్ముతాడు. పడుచు వయసులో పని కాగానే చన్నీళ్ళు పోసుకునేవాడినని, అప్పుడు ఎవరూ చెప్పలేదని అంటాడు. డాక్టరు వేరే ఏదో పేరు చెప్పాడు. ఆ పేరు మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. నేను తువ్వాలులో చేతులు చుట్టుకుని చల్లారేదాకా బుద్ధిగా కూర్చున్నాను.

పరీక్ష రోజు ఎండ కుమ్మేసింది. సాయంత్రమైనా పంచ రేకులు కాగుతూనే ఉన్నాయి. సందంతా కుర్చీలు తెచ్చుకుని కూర్చుంది, ఎవరో వేయించిన అరటిపళ్ళు పంచుతున్నారు, కోడిపందేనికి వచ్చినట్టు వచ్చారు. నాంగ్ తాలింగ్ తన గుమ్మంలో ఒక బల్బు వేలాడదీసి, దాని కింద కుర్చీ వేసుకుని, చేతులు కట్టుకుని కూర్చుంది. లోపల బాగుచేయించుకున్న ఫ్రీజరు గొణుగుతోంది. కాప్ ఆమె పక్కన నిలబడ్డాడు. మా నాన్న ఎప్పటిలా నా వెనక, మెషీను పక్కన.

మొదలుపెట్టాను. మొదటి అతుకు వేసి అద్దం దించి చూశాను. బల్బు కదల్లేదు. నాంగ్ తాలింగ్ దాన్నే గుడ్లప్పగించి చూస్తోంది. రెండోది వేశాను, మూడోది వేశాను. ఆ తర్వాత దించి చూడడం మానేసి పనిలో పడ్డాను. అడుగు చట్రం అయింది, సీటు కింది గొట్టాలు అయ్యాయి, నిలువు కడ్డీలు అయ్యాయి. రాడ్డు మీద రాడ్డు కాలింది. చెమట కళ్ళల్లోకి దిగుతోంది, చొక్కా వీపుకి అంటుకుపోయింది. అయినా చెయ్యి ఆడుతూనే ఉంది. అంత తేలిగ్గా పని సాగడం నా బతుకులో అదే మొదలు.

సైడ్‌కార్ పైకప్పు దగ్గరికి వచ్చాను. సగం అతుకులో మంట ఆగిపోయింది. రాడ్డు మళ్ళీ తగిలించాను, ఏమీ లేదు. గీశాను, రుద్దాను, చప్పుడే లేదు.

అద్దం దించి వెనక్కి తిరిగాను. మెషీను మీద పసుపు దీపం వెలుగుతోంది. మెషీను ఒళ్ళంతా మా నాన్న తువ్వాలు చుట్టి ఉంది. వెనక కన్నాల్లోకి తువ్వాలు అంచులు దోపి మరీ ఉంది.

ఏమన్నానో ఇప్పటికీ ప్రతి ముక్కా గుర్తుంది. "నీ దున్నని తీసేస్తున్నానని దీన్ని చంపేశావా తాయ్? ఇంతమంది ముందు? దుకాణం పోతే నీకేం, కుర్చీ ఎక్కడైనా వేసుకుంటావు. నేను రోడ్డున పడతాను." సందంతా వింటూండగానే అన్నాను. అరటిపళ్ళు నమలడం కూడా మానేశారు అందరూ.

మా నాన్న తల ఎత్తలేదు. ఒళ్ళో ఆయన చేతులు ఎప్పటికన్నా ఎక్కువ వణుకుతున్నాయి.

"చెయ్యి పెట్టి చూశా" అన్నాడు. "ఒళ్ళు కాలిపోతోంది దానికి. వెనకనుంచేమో గాలి లోపలికి ఈడ్చుకుంటోంది. వేడి మీదుండగా గాలి తగిలితే నరాలు పోతాయి కదా ఇందాయ్. పని బాగా చేస్తోంది, పాపం. నాలా అయిపోతుందేమోనని కప్పా."

ఎవరూ నవ్వలేదు. ఆయన చోట ఆ సందులో ఎవరున్నా అదే పని చేసేవారు.

మొదట మాట్లాడింది నాంగ్ తాలింగ్. అక్కడినుంచే అరిచింది. "ఏమే సెందా, ఆయన మీద విరుచుకుపడతావెందుకు? చెమటలు కారుతున్న బిడ్డకి గుడ్డ కప్పమా? నువ్వు చెప్పావా ఆయనకి, దానికి గాలి కావాలని?"

చెప్పలేదు. చెప్పకపోవడం నా తప్పే, ఆయనది కాదు. మోకాళ్ళ మీద కూర్చుని తువ్వాలు మెల్లగా విప్పాను, కన్నాల్లో ఇరుక్కున్న దారాలు ఏరాను. లోపల ఫ్యాను తిరుగుతూనే ఉంది. అది వేడెక్కితే పసుపు దీపం వెలిగి దానంతటదే ఆగి, చల్లారాక మళ్ళీ లేస్తుందని మెషీను చూపించేటప్పుడు దుకాణంవాడు అన్నట్టు లీలగా గుర్తొచ్చింది. నిజమో కాదో తెలియదు.

"మరి పరీక్ష?" అన్నాడు ఎవరో వెనకనుంచి. "ఆగిపోయిన మెషీను దీపం ఎలాగూ ఆర్పదు."

కాప్ నా వైపు చూశాడు. "ఇంకో రోజు పెట్టుకుందామా సెందా?"

"వద్దు కాప్. కూర్చోండి. ఇవాళే పూర్తి చేస్తాను. తెల్లారేదాకా పట్టినా ఇవాళే."

"తెల్లారేదాకా నేనుండను" అంది నాంగ్ తాలింగ్. కానీ కుర్చీలోంచి లేవలేదు.

మెషీను పక్కనే నేల మీద చతికిలబడ్డాను. మా నాన్న చేతులు నా మొహానికి ఎదురుగా ఉన్నాయి. వేళ్ళ వెనక పాత కాలిన మచ్చలు, ఒక్కో మచ్చా ఒక్కో గేటుదో, ఒక్కో బండిదో. వాటి వైపు చూస్తూ, "దానికి గాలే మందు తాయ్. మనలా కాదు" అన్నాను. ఆయన మెషీను కేసి చూశాడు. "వింత జంతువు" అన్నాడు.

పసుపు దీపం ఆరిపోయింది. నేను లేచాను, చేతుల చెమట పంట్లాముకి తుడుచుకున్నాను. ఆగిన అతుకు ముగించాను, దాని పక్కది వేశాను. మళ్ళీ మంట నిలకడగా వచ్చింది. ఇంక పైకప్పు మీద సామాను కట్టుకునే కడ్డీకి ఒక్క అతుకు మిగిలింది. అది బరువు మోసే చోటు కాదు. ఆ ముక్క తీసి, ఆయన కుర్చీ ముందు స్టూలు మీద పట్టకర్రతో బిగించాను. ఎర్త్ క్లిప్పు తగిలించాను. కొత్త రాడ్డు పెట్టి హోల్డరు ఆయన చేతికిచ్చాను.

"మిగిలింది నువ్వెయ్యి."

"నీకేమైనా పిచ్చా? చెయ్యి చూడు."

"చూశాను. వెయ్యి."

"రాడ్డు అతుక్కుపోతుందే. నలుగురిలో పరువు తియ్యకు."

"అతుక్కుంటే ఇది వదిలేస్తుంది తాయ్. దీనికి ఆ తెలివి ఉంది. నువ్వు తగిలించు చాలు."

క్షమించమని అడగడం నాకు చేతకాదు. ఆయనకి వినడమూ చేతకాదు. అద్దం ఆయన ముఖానికి అడ్డంగా నేను పట్టుకున్నాను. ఒకసారి తగిలించాడు, రాడ్డు అతుక్కుంది, మెషీను వదిలేసింది. రెండోసారీ అంతే. మూడోసారి మంట పట్టింది. రాడ్డు అటూ ఇటూ ఊగుతోంది, మంట మాత్రం ఆరలేదు. పెదాలు బిగించి, ఊపిరి కూడా పీల్చకుండా, కొస దాకా లాక్కుపోయాడు. ఎన్నేళ్ళ తర్వాతో ఆయన చేతిలో ఇనుము కరిగింది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తిరిగితే తిరిగాయి, అద్దం మాత్రం కదపలేదు.

"ఏం నాంగ్, దీపం?" అని అడిగాడు కాప్.

నాంగ్ తాలింగ్ ఉలిక్కిపడింది. బల్బు వైపు వీపు పెట్టి, సందు మధ్యకి వచ్చి, మెడ సాచి మా నాన్న చేతిని చూస్తోంది అప్పటిదాకా. "దీపం ఎవరు చూశారు?" అంది. తర్వాత మొహం గంటు పెట్టుకుంది. "నా ఫ్రీజరు గొణగడం ఆపలేదు. అది ఆగితే నాకు నిద్రలో కూడా తెలుస్తుంది. రాసుకో కాప్, నాకేం అభ్యంతరం లేదు. దుకాణం ఇక్కడే ఉంచుకోమను."

అందరూ కుర్చీలు ఎత్తుకుని వెళ్ళిపోయారు. మా నాన్న చిన్న సుత్తితో చిట్టెం కొట్టి, అతుకు మీద బొటనవేలు పోనిచ్చాడు. ఎత్తుపల్లాలుగా, వానపాము పాకినట్టుంది. ఆయన మొహం మాడ్చుకున్నాడు.

"చెండాలంగా ఉంది. పొద్దున్నే కోసేసి మళ్ళీ వెయ్యి. ఇలాంటి పని నా దుకాణం దాటి బయటికి పోకూడదు."

"అలాగే తాయ్" అన్నాను.

పొద్దున్నే ఆయన లేవకముందే ఆ కడ్డీని సైడ్‌కార్‌కి బిగించి, అతుకు మీద రంగు వేసి బండివాడికి ఇచ్చేశాను.